పర్హేజ్

గుంటూరులో దగ్గుకి విలువ లేదు. ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాడు నుంచీ, ప్రకాశం మెట్ట ఊళ్ల నుంచీ మిర్చి టిక్కీలు లారీలెక్కి యార్డు దారి పడతాయి. మే దాకా ఊరంతా ఒకటే ఘాటు. గాలి యార్డు వైపు నుంచి తిరిగిందంటే ఆటోలో కూర్చున్నవాడు తుమ్ముతాడు, బడ్డీ కొట్టు దగ్గర చాయ్ తాగేవాడు దగ్గుతాడు. ఏమైందని ఎవరూ ఎవర్నీ అడగరు. హమాలీలు మెడలో తువ్వాలు తీసి ముక్కుకి చుట్టుకుంటారు. తొడిమలు తీసే ఆడవాళ్లు కొంగు మూతికి అడ్డం కట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. 2020లో దేశమంతా మాస్కు కట్టుకోవడం నేర్చుకుంటుంటే మా ఊళ్లో సగం మందికి ఆ పని ముందే వచ్చు.

మిరపకాయకీ దగ్గుకీ ఉన్న రిష్తా డాక్టర్లకి కూడా తెలుసు. దగ్గు మీద తహ్‌కీక్ చేసేవాళ్లు మిరపకాయలోని క్యాప్సైసిన్‌ని సన్నటి తుంపరగా పీల్పించి, మనిషి ఎంత మోతాదుకి దగ్గుతాడో కొలుస్తారు. ఆ క్యాప్సైసిన్‌నే పట్టుకుని మన నరాలు మంటనీ వేడినీ ఎలా కనిపెడతాయో తేల్చిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఆ ఖబర్ తర్జుమా చేస్తున్నప్పుడు మా హమాలీలకి కూడా ఇందులో కాస్త హిస్సా రావాలి కదా అని డెస్కులో నవ్వుకున్నాం.

2020 మార్చిలో మాత్రం నవ్వు రాలేదు. 12న నెల్లూరులో రాష్ట్రంలో మొదటి కేసు. వారానికల్లా ఒంగోలులో రెండోది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. సరిగ్గా సీజన్ నడుమ యార్డు మూతపడింది. ఊళ్లో ఘాటు తగ్గింది, దగ్గుకి విలువ పెరిగింది. కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డవాళ్లలో ఒకడు గొంతు సవరించుకుంటే అందరి తలలూ అటే తిరిగేవి.

మా ఇంట్లో ఆ ఫికర్ అంతా ఒక్క మనిషి చుట్టూ. అమ్మీకి అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్ల షుగరు, దానికంటే పాత దమా. పాత గుంటూరులో మాది కింద మూడు గదులు, పైన డాబా, డాబా మీద ఒక రేకుల గది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మీ. అందరూ తలుపేసుకుని కూర్చున్నా నేను కూర్చోలేను. మెడలో ప్రెస్ కార్డు వేసుకుని ఆసుపత్రులూ, రైతుబజార్లూ, రెడ్ జోన్ల బారికేడ్లూ తిరగాలి. అంటే జబ్బు ఇంట్లోకి వస్తే నాతోనే వస్తుంది.

మొదటి రోజే అమ్మీ తేల్చేసింది. "తూ బాహర్ ఫిర్నే వాలా హై బేటా. ఊపరిచ్ రహ్. థోడే దిన్ పర్హేజ్ కర్లేంగే." సాయంత్రానికి నా పరుపు, లుంగీలు, ఒక మట్టి కూజా రేకుల గదికి చేరిపోయాయి.

పర్హేజ్ అనే మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ ముహబ్బత్. ఉర్దూ మీడియం బడిలో మా మౌల్వీ సాబ్ పర్హేజ్‌గార్ అంటే గునాహ్‌కి దూరంగా ఉండే మనిషి అని చెప్పారు. ఇంటికొస్తే హకీం సాబ్ మా అబ్బాకి రాసిచ్చిన పర్హేజ్ వంకాయ, పెరుగు, చల్లటి నీళ్లు. ఆ వయసులో రెండూ కలిపేసుకుని, వంకాయ మానేస్తే జన్నత్ ఖాయమని మా చెల్లికి చెప్పి భయపెట్టేవాణ్ని. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ పథ్యం అనే మాట దొరికింది. పథ్యమంటే రోగి తినదగ్గది. కానీ మా వైపు ఊళ్లలో 'ఆ మాట ఆయనకి పథ్యం కాలేదు' అంటారు, రుచించలేదు, నచ్చలేదు అనే మతలబుతో. ఉర్దూవాళ్లు జాగ్రత్తని తీసుకెళ్లి దీన్ పక్కన కూర్చోబెడితే తెలుగువాళ్లు రుచి పక్కన కూర్చోబెట్టారు. అమ్మీకి తెలుగు చదవడం రాదు. అయినా ఆమె పర్హేజ్‌లో ఎప్పుడూ రెండో అర్థం కూడా ఉండేది.

ఆ విద్య ఆమెకి అబ్బా వల్ల వచ్చింది. అబ్బా జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. పత్తి సీజన్లో దసరా దాటింది మొదలు సంక్రాంతి వెళ్లేదాకా మిల్లు రాత్రింబవళ్లు నడిచేది. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద, మీసం మీద తెల్లటి నూగు. పిల్లలం అబ్బా బుడ్డా అయిపోయాడని చప్పట్లు కొట్టేవాళ్లం. సెలవు రోజు బాగానే ఉండేవారు. సెలవు తర్వాత మొదటి రోజు డ్యూటీ చేసొచ్చిన రాత్రి ఛాతీ బిగుసుకుపోయి, గోడకి ఆనుకుని కూర్చునేవారు. ఆ జబ్బుకి ఒక పేరుందని, బిసినోసిస్ అంటారని, పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్ని పట్టేయడమని, సెలవు తర్వాతి మొదటి పనిరోజున ఎక్కువవడమే దాని గుర్తు అని ఎన్నో ఏళ్ల తర్వాత ఒక స్టోరీ కోసం చదువుతుంటే నాకు తెలిసింది. అప్పటికి అబ్బా లేరు.

మిల్లు మానేశాక ఆయన ఆరేళ్లు బతికారు. ఆ ఆరేళ్లూ ఇంట్లో బఘార్ వేయాలంటే అబ్బాని వీధి అరుగు మీదికి పంపాల్సిందే, ఆ పొగ పడదు. అమ్మీ ఊరికే పంపేది కాదు. అరుగు మీద చాప పరిచేది. చిన్న గాజు గ్లాసులో సులేమానీ చాయ్, చేతిలో ట్రాన్సిస్టర్. అటు పోయే ఇటు పోయే వాళ్లతో సలాములు. వంట అయిపోయినా ఆయన లోపలికి వచ్చేవారు కాదు. కొన్నాళ్లకి 'ఇవాళ బఘార్ ఎప్పుడు' అని ఆయనే అడగడం మొదలుపెట్టారు.

సరే, 2020కి వస్తాను. రేకుల గది ఏప్రిల్లో తందూర్. పొద్దు వాలగానే పిల్లలు డాబా మీద బకెట్లతో నీళ్లు చల్లేవాళ్లు. కాలిన సిమెంటు బుస్సుమని ఆవిరి వదిలేది. ఒక కొసన నేను, ఇంకో కొసన నవారు మంచం మీద అమ్మీ, మధ్యలో సరిహద్దుగా నాలుగు ఇటుకలు. రోడ్డు మీద బండ్లు లేక ఊరి మీద దుమ్ము దిగిపోయి, మా పిల్లలు మొదటిసారి లెక్కపెట్టలేనన్ని చుక్కలు చూశారు. రాత్రి తొమ్మిదింటికి పైరగాలి మొదలయ్యేది. అప్పుడు అమ్మీ తన బచ్‌పన్ చెప్పేది. అద్దంకి దగ్గర వాళ్ల ఊళ్లో కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే, రాత్రి కాపలాకి తమ్ముడితో కలిసి పడుకోవడం, తెల్లారి కళ్లు నులుముకుని గోల పెట్టడం. పగలంతా అంబులెన్సుల లెక్కలు రాసి వచ్చిన నాకు ఆ గంట కోసమే మెట్లెక్కాలనిపించేది.

ఇంటి గేటు దగ్గర మా నానీ నాటి ఇత్తడి చిలంచీ, లోటా, సబ్బు. మెహమాన్ చేతులు కడిగించడానికి వాడిన సామాను అటక మీద నుంచి ముప్పయ్యేళ్ల తర్వాత దిగింది. అమ్మీ దాన్ని చింతపండుతో తోమించి బంగారంలా మెరిపించింది. చేతులు కడుక్కోకుండా పిల్లలు లోపలికి రారు, ఎందుకంటే నీళ్లు పోసే పని కోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్లు. కూరగాయలు ఉప్పునీళ్లలో మునిగేవి. పేపరు ఇస్త్రీ పెట్టె కింద నలిగేది. నేను రాసిన వార్త నా కళ్ల ముందే కాలుతూ ఉంటే నాకెలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తర్వాత తెలిసింది, ఈ జబ్బు ముఖ్యంగా గాలిలోనే పాకుతుందని, వస్తువుల మీద నుంచి అంటుకోవడం తక్కువని. అంటే ఇస్త్రీ కంటే ఆ డాబా, ఆ తీసి ఉంచిన కిటికీలు ఎక్కువ కాపాడాయి. ఇది అమ్మీకి చెబితే, "కడిగిన వంకాయకి నష్టమేముందిరా" అంది.

తాటిముంజల బండి వచ్చేది. అమ్మీ మేడ మీద నుంచే బేరం. తాడు కట్టిన బుట్ట కిందికి దిగేది, ముంజలతో పైకి వచ్చేది. షుగరు మనిషికి రెండు ముంజలే అని తన కోటా తనే పెట్టుకుంది. ఆ రెంటినీ ఎంతసేపు తినేదంటే, బొటనవేలు గుచ్చి, ఆ నీళ్లు పీల్చి, తొక్క ఒలిచి, ఒక్కో ముక్కా నాలుక మీద కరిగేదాకా ఉంచుకుని... మా వాడు అప్పటికి పన్నెండు మింగేసి ఆమె వైపు అసూయగా చూస్తుండేవాడు.

పక్కింటి పంతులమ్మకీ అమ్మీకీ పాతికేళ్ల దోస్తీ. పిట్టగోడ వాళ్ల వాకిలి. ఆవకాయ రోజుల్లో ఆమె జాడీ, రంజాన్‌లో మా గిన్నె, ఎప్పుడూ ఏదో ఒకటి గోడ దాటుతూ ఉండేది, గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లకూడదని ఇద్దరికీ పట్టింపు. లాక్‌డౌన్‌లో కూడా ఆగలేదు. గిన్నె గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి, "వదినా, పెట్టా!" అని ఒక కేక. అవతల వాళ్లు తీసుకునేదాకా కాకుల కాపలా. ఆ కేకలు నేను ఫోనులో మాట్లాడుతుంటే మా ఎడిటర్‌కి కూడా వినిపించేవి.

ఇంత చెప్పి మర్కజ్ సంగతి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు. మార్చి ఆఖరున ఢిల్లీ నిజాముద్దీన్ నుంచి తిరిగొచ్చిన వాళ్లలో కేసులు బయటపడ్డాయి. అక్కణ్నుంచి టీవీలకి జబ్బు దొరికింది, జబ్బుకి టోపీ దొరికింది. తోపుడు బండివాణ్ని ముందు పేరడిగి తర్వాత టమాటా ధర అడిగిన వీధులు నేను చూశాను. దాని నుక్సాన్ మన బస్తీల్లోనే ఎక్కువ జరిగింది. దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకున్నారు. టెస్టు చేయిస్తే వీధంతా తెలుస్తుందని జ్వరం దాచుకున్నారు. మనిషిని బద్‌నామ్ చేస్తే అతను జాగ్రత్తపడడు, దాక్కుంటాడు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లని బలిపశువుల్ని చేశారని అంది. ఆ వార్త అమ్మీకి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి అయ్యాక, "అచ్ఛా, ఇప్పుడు ఆ బండబ్బాయికి ఎవరు చెబుతారు" అంది. నా దగ్గర జవాబు లేదు.

మసీదులు మూశారు. అజాన్ వినిపించేది, వెళ్లడానికి లేదు. ఏప్రిల్ 25న మొదటి రోజా. మా ఇమాం సాబ్ మైకులో ఇళ్లలోనే నమాజ్ చదువుకోండని చెబుతూ హజ్రత్ ఉమర్ గారి కిస్సా గుర్తుచేశారు. షామ్ ముల్కుకి బయల్దేరిన ఖలీఫా, అక్కడ తాఊన్ పాకిందని దారిలో సర్గ్ దగ్గర తెలుసుకుని, సహాబాలతో మష్వరా చేసి కాఫిలాని వెనక్కి తిప్పారు. తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగినవాళ్లకి, వెనక్కి వెళ్లడం కూడా అల్లాహ్ రాసిన తఖ్దీరే అని నచ్చజెప్పారు. మేమంతా గంభీరంగా వింటున్నాం. అమ్మీ మాత్రం, "అంతమంది మధ్యలో తిరిగొస్తే దారిలో ఖానా ఎవరు వండారో పాపం" అంది.

ఆ రంజాన్ ఆమెకి ఇంకో పర్హేజ్ తెచ్చింది. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి, ఈ ఎండల్లో, ఈ జబ్బు రోజుల్లో రోజా ఉండొద్దని డాక్టర్ ఫోనులో గట్టిగా చెప్పారు. బీమార్‌కి రుఖ్సత్ ఉందని అమ్మీకీ తెలుసు. అయినా ఏడెనిమిదేళ్ల వయసు నుంచి వదలని రోజాలు. మొదటి రోజు మధ్యాహ్నం గోడవైపు తిరిగి అన్నం తినడం నేను మెట్ల మీద నుంచి చూశాను. ఫిద్యా లెక్క కట్టించి రోజూ ఒక ఇంటికి రేషన్ పంపింది. మూడో రోజుకి ఒక ఉపాయం కనిపెట్టింది. రోజా లేకపోతేనేం, సెహరీకి లేపే డ్యూటీ తనది. జనతా కర్ఫ్యూ సాయంత్రం మా పిల్లలు కొట్టి సొట్టలు పెట్టిన స్టీలు పళ్లెం తీసుకుని మూడున్నరకి మెట్ల కింద నిలబడి వాయించేది. వెనకటి ఫకీర్ల లాగా రాగం కూడా. మొత్తం గల్లీ ఆమె పళ్లెంతోనే లేచిందని తర్వాత చెప్పారు.

అసర్ తర్వాత మసీదు దగ్గర క్యాన్లు పట్టుకుని గంజి కోసం నిలబడడం మా పిల్లలకి రంజాన్‌లో అన్నిటికంటే పెద్ద పండగ. ఆ ఏడు అది లేదు. అమ్మీ ఇంట్లోనే నూకలు, పెసరపప్పు, కాస్త ఖీమా, పుదీనా వేసి కాచింది. "మసీదు టేస్టు రాలేదు" అన్నాడు మా వాడు. నిజమే, రాలేదు. నాలుగు వందల మందికి కాచే డేగ్ రుచి నాలుగు గిన్నెల కుక్కర్లో ఎలా వస్తుంది? మరుసటి రోజు నుంచి వాడే కాస్త పొగ వాసన రావాలని బొగ్గు నిప్పు మీద నెయ్యి చుక్క వేసి గిన్నెలో పెట్టి మూత వేసేవాడు. కొంత దగ్గరికొచ్చింది.

మే 25, సోమవారం ఈద్. ఆపా నరసరావుపేటలో. జిల్లాలో కేసులకి అదే కేంద్రమైపోయింది, బారికేడ్లు కట్టేశారు. నలభై అయిదు కిలోమీటర్ల దూరం హజ్ అంత దూరమైంది. పొద్దున్నే రెండు ఇళ్లలో ఒకేసారి స్టవ్ వెలిగించి, ఫోన్లు ఎదురెదురుగా పెట్టుకుని, పాలు ఎంత మరిగాయి, సేవియాలు ఎంత వేగాయి అని ఒకరికొకరు చూపించుకుంటూ షీర్ ఖుర్మా వండారు. ఆపా మధ్యలో ఏడ్చింది. అమ్మీ, "గరిటె తిప్పు, అడుగంటుతుంది" అంది. ఈద్గాహ్ లేదు, డాబా మీదే నమాజ్. కొత్త బట్టలు లేవు. అత్తర్ మాత్రం ఉంది. చిన్న దూది ఫాయా అత్తర్‌లో ముంచి, చెవిలో పెట్టుకోమని ప్లేటులో పైకి పంపింది. అది చెవి మడతలో పెట్టుకుని ఖాళీ జిన్నా టవర్ సెంటర్ గుండా ఆఫీసుకి వెళ్లాను.

జూన్ 13న కేంద్రం వాసన, రుచి పోవడాన్ని కూడా లక్షణాల్లో చేర్చింది. వార్త వినగానే అమ్మీ ఇంట్లో లేబొరేటరీ పెట్టింది. పొద్దున బఘార్‌లో ఎండుమిర్చి వేసి అందరూ తుమ్ముతున్నారా లేదా అని చూడడం. పైనుంచి నా తుమ్ము కూడా వినిపించాలి. వినిపించకపోతే, "జిందా హై క్యా?" అని కేక.

ఆగస్టులో మన రాష్ట్రంలో రోజుకి పదివేల కేసులు వస్తున్న రోజుల్లో నాకు ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. బఘార్ పరీక్షలో పాసయ్యాను, రెండు తుమ్ములు, ఒక దగ్గు. కానీ జుమ్మా రోజు ఫాయా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉత్త దూది. మిరప ఘాటు వాసన కాదు, మంట. అది వేరే నరాల పని, వాసన పోయినా అది మిగులుతుంది. అత్తర్ అలా కాదు. సంజీవని అని పేరు పెట్టి ఇంద్ర బస్సుల్ని టెస్టుల కోసం మార్చారు కదా, అలాంటి బస్సు దగ్గర లైన్లో నిలబడి శాంపిల్ ఇచ్చాను. పాజిటివ్.

నెలల తరబడి నేను ఇటుకల అవతలే ఉన్నాను కాబట్టి కింద ఎవరికీ అంటలేదు. పదిహేడు రోజులు మెట్ల మధ్యలో ఉన్న స్టూలు మా ఇద్దరి పోస్టాఫీసు. అమ్మీ కింద పెట్టి వెళ్తే నేను దిగి తీసుకోవడం. రోజుకి నాలుగుసార్లు ఆక్సిమీటర్ అంకె కేకేసి చెప్పాలి. 94 కంటే తగ్గితే ఏం చేయాలో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో మా ఆవిడ కాగితం మీద రాసి తలుపుకి అంటించింది. ఒక రాత్రి 95 వచ్చింది. అమ్మీ తెల్లారేదాకా మెట్ల కింద తస్బీతో కూర్చుంది, మధ్యలో లేపి లేపి అంకె అడుగుతూ. తెల్లారి 97. ఆ పొద్దున స్టూలు మీద చాయ్ పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. రుచి తెలియలేదు. కరకర తెలిసింది. చాయ్‌లో ముంచితే మెత్తబడడం తెలిసింది. దేనికదే లెక్కపెట్టుకున్నాను.

వాసన మూడు వారాలకి వచ్చింది. మొదట వచ్చింది అత్తర్ కాదు, బిర్యానీ కాదు. పిల్లలు చల్లిన నీళ్లకి డాబా సిమెంటు నుంచి లేచిన వాసన.

2021 మార్చిలో అరవై దాటినవాళ్లకి టీకాలు మొదలవగానే అమ్మీ ఈద్ చీర కట్టుకుని, పైన బురఖా వేసుకుని, అత్తర్ పెట్టుకుని వెళ్లింది. సూది వేసిన నర్సమ్మ, ఎక్కడికైనా షాదీకా అని అడిగిందట. తిరిగొస్తూ గోలీసోడా కావాలంది, తియ్యది కాదు, ఉప్పు సోడా. వేప చెట్టు కింద నిలబడి తాగింది.

మామూకి ఫోన్ చేసి నువ్వూ వేయించుకో అని రోజూ చెప్పేది. అద్దంకి దగ్గర కల్లం కాపలా కాసిన ఆ తమ్ముడే. "మిర్చి అమ్మకాలు కానీ ఆపా, అయ్యాక" అనేవాడు. యార్డుకి తీసుకొచ్చి అమ్ముకుని వెళ్లాడు, గుంటూరు వచ్చి కూడా మా గేటు దగ్గరే నిలబడి, చిలంచీలో చేతులు కడుక్కుని, లోపలికి రాకుండా చాయ్ తాగి వెళ్లాడు. అదే ఆఖరు. మే 14న ఈద్. ఆ తర్వాతి వారం ఒంగోలు ఆసుపత్రిలో పోయాడు. జనాజాకి ఏడుగురు. రెండు గంటల దారి, అమ్మీ వెళ్లలేకపోయింది. ఫోనులో చూసింది. సిగ్నల్ ఆగిపోయి మట్టి వేస్తున్న చెయ్యి ఒకటి తెర మీద అలాగే నిలిచిపోయింది. మయ్యత్ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఆ మూడు రోజులూ పూటపూటకీ పిట్టగోడ మీద గిన్నెలు కనిపించాయి. ముద్దపప్పు, చారు, అన్నం. పంతులమ్మ కేక వేయలేదు. గిన్నె పెట్టి, అమ్మీ వచ్చేదాకా అక్కడే నిలబడేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు వినిపించలేదు.

నాలుగో రోజు సాయంత్రం అమ్మీ పిల్లల్ని పిలిచి, డాబా మీద నీళ్లు చల్లండి అంది.

ఇవన్నీ అయిపోయి జనం మాస్కులు మర్చిపోయారు. మా ఇంట్లో చిలంచీ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా రేకుల గదికి ప్రమోషన్, పిల్లలిద్దరూ ఆ గది కోసం దొంగ దగ్గులు దగ్గుతారు కూడా. షాదీలకి అమ్మీ వెళ్తుంది. నిఖా అయ్యేదాకా తలుపు దగ్గర గాలి తగిలే కుర్చీలో కూర్చుంటుంది, దస్తర్‌ఖాన్ మీద తోపులాట మొదలయ్యే ముందే దుల్హన్‌ని దీవించి లేచొచ్చేస్తుంది. కొందరికి ఇది నఖ్రాగా కనిపిస్తుంది. ఇంత భయమైతే ఎలా అని ఒక ఖాలా మొహం మీదే అంది. నాకైతే భయపడే మనిషి అలా పట్టుచీర కట్టుకుని బయల్దేరుతుందని అనిపించదు.

మొన్న జనవరిలో సూర్యలంక తీసుకెళ్లమంది. నేను పుట్టి పెరిగిన లెక్క ప్రకారం అది గుంటూరు జిల్లా సముద్రం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాది అయింది. ఆదివారం వద్దంది, జనం. మంగళవారం పొద్దున్నే వెళ్లాం. దారి పొడుగునా పొలాల్లో పత్తి ఆఖరి తీతలు, అక్కడక్కడా ఎర్రబడుతున్న మిరప. కారు అద్దాలు దించే ఉంచింది. సముద్రం దగ్గర మేమంతా చెప్పులు విడిచాం. తను విడవలేదు. షుగరు మనిషి పాదాలకి గవ్వ గుచ్చుకున్నా తెలియదని డాక్టర్ చెప్పిన మాట. వెనక పట్టీ ఉన్న సాండల్స్ ఇందుకోసమే కొనిపించింది, వాటితోనే మోకాళ్ల దాకా అలల్లోకి నడిచింది, మనవరాలి భుజం పట్టుకుని. బురఖా అంచు తడిసింది. వెనక్కొచ్చాక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంటే ఆ ఘాటుకి నలుగురం తుమ్మాం. నూనె కొత్తదా పాతదా అని వాణ్ని అడిగింది, మూకుట్లోకి తొంగి చూసింది, ఒకటి తీసుకుంది. గింజలు దులిపి, మధ్యకి చీల్చి, సగం నాకిచ్చింది.

"దూసరా ఆధా ఘర్ జాకే" అంటూ ఇంకో బజ్జీ కాగితంలో చుట్టి పర్సులో, మాస్కు పక్కన పెట్టుకుంది. చీరాల రోడ్డు ఎక్కకముందే కాగితం విప్పిన చప్పుడు వినిపించింది. నేను అద్దంలోకి చూడలేదు.